ఐలీ తిట్టిన బ్యాండ్లు

మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం. నిపిగాన్‌లో మాజీ సైనికుల హాల్లో కచేరీ చూసి ఓరెస్ట్, ఐలీ దంపతులు థండర్ బేలో తమ ఇంటికి తిరిగి వెళ్తున్నారు. కారు ఐలీ నడుపుతోంది. ఓరెస్ట్ పక్క సీట్లో, రోడ్డు వైపు కాకుండా ఆమె వైపు తిరిగి కూచున్నాడు.

"...దాన్ని జుట్టు కత్తిరించుకోవడం అంటారా? చేపలు కోసే కత్తెరతో, అదీ ఎవరో కోపంలో ఉన్నప్పుడు కత్తిరించినట్టుంది. అలాంటి తల నా సెలూన్ కుర్చీలోంచి లేచి బజార్లోకి వెళ్తే, మర్నాడే నేను షాపు మూసుకుంటాను."

"ఎవరి జుట్టు? పాడిన పిల్లదా?"

"కాదు, నీది. నీకున్న నాలుగింటికీ కత్తెర కూడానా. ఆ పిల్లదే. పాడేదానివి జనం వైపు చూసి పాడాలి కదమ్మా? మూడో పాటకి వెనక్కి తిరిగి నిలబడింది. టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది వీపు చూడ్డానికా?"

"అది వాళ్ళ పద్ధతి."

"పద్ధతి. బయట ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. ఆ డ్రమ్ములవాడికి కాళ్ళకి సాక్సులు లేవు. మడమలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కన్నతల్లి అనేది ఒకామె ఉందో లేదో వాడికి. ఏమిటన్నావు బ్యాండు పేరు?"

"గడ్డకట్టిన గొట్టాలు."

"ఆహా. చలికాలం వస్తే మన బేస్‌మెంట్లో ఉంటాయి అవి. ప్లంబర్ని బతిమాలి పిలిపించుకుని కరిగించుకుంటాం. వాళ్ళేమో స్టేజి మీద పెట్టుకున్నారు."

"రెడ్ లేక్ నుంచి వచ్చారు, ఐలీ. పాపం అంత దూరం. కొత్తవాళ్ళు. ఎదుగుతున్న కళాకారులు."

"ఆ ముక్క నా దగ్గర అనకు. పోయినేడు కూడా ఎదుగుతున్న కళాకారుడని ఒకాయన్ని చూపించావు. మోకాళ్ళు పట్టేసి స్టేజి మెట్లు ఎక్కలేకపోయాడు. ఇద్దరం చెరో రెక్క పట్టుకున్నాం. ఇంకెప్పుడయ్యా ఎదిగేది?"

"ఆయన మొదటి ఆల్బమ్ అప్పుడే కదా వచ్చింది."

"అయితే పసివాడే. సరే, గొట్టాల సంగతి చెప్తున్నా. గిటారువాడు మొదట్నుంచి చివరిదాకా తన బూట్లే చూసుకున్నాడు. ఏదో పోగొట్టుకున్నట్టు. నీలం టోపీ వాడేమో పాటకీ పాటకీ మధ్య హాల్లో సాండ్‌విచ్‌ల బల్ల వైపు చూస్తున్నాడు. ఆకలిగా ఉంటే అడగొచ్చుగా? నోరుందిగా? అడగడు. చూస్తాడు. చివరికి నేనే ఉడికించిన కజ్జికాయల్లాంటి ఆ పెరోగీల పళ్ళెం తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాల్సి వచ్చింది."

"మరి మొదట పాడిన వాళ్ళు? ఆ టొరంటో ముగ్గురు?"

"వాళ్ళా? బాగానే ఉన్నారు."

"బాగానే అంటే?"

"బాగానే అంటే బాగానే. శుభ్రంగా ఉన్నారు. మంచి కోట్లు వేసుకున్నారు. అందరికీ నవ్వుతూ చేతులూపారు."

"అంతేనా?"

"ఇంకేం కావాలి?"

"సంగీతం?"

"సంగీతానికేం. సంగీతంలాగే ఉంది. అయినా నన్నడుగుతావేం? చెవి ఉన్నవాడివి నువ్వు. పేపర్లో ఏం రాశారు నీ గురించి? ఉత్తరాదిన కొత్త సంగీతాన్ని కనిపెట్టే చెవి. ఆ కాగితం కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంది నేను కాదే. చెప్పు, ఎలా ఉంది?"

"నేను... నేనింకా ఆలోచిస్తున్నా."

"ఆలోచించు ఆలోచించు. అబ్బ, ఈ లారీవాడొకడు, మీదకొచ్చేస్తున్నాడు. పో నాయనా, ముందు నువ్వే పో. ఆ పిల్లల వ్యాను చూశావా అసలు? తలుపు ఊడిపోతే తాడుతో కట్టుకున్నారు."

"అవునవును. భలే పాడుతూ ఆడుకున్నారు."

"ఏమిటీ?"

"ఆఁ?"

"తాడుతో కట్టుకున్నారంటే, పాడుతూ ఆడుకున్నారంటావేమిటి?"

"అదే. తాడు. పాడారు కూడా కదా, అదీ అన్నాను."

"ఓరెస్ట్."

"చూడు చూడు, దుప్పుల బోర్డు. ఇక్కడ జాగ్రత్త. పోయిన వారం ఒక కారు..."

"దుప్పి లేదు గిప్పి లేదు. ఇవాళ హాల్లో వాళ్ళ పాట నీకు నచ్చిందా లేదా?"

"నచ్చిందనే చెప్పాలి."

"ఏ పాట?"

"అన్నీ... అన్నీ ఒక తీరుగా ఉన్నాయి."

"ఊఁ."

"ఏమిటి, మాట్లాడ్డం మానేశావు?"

"..."

"ఐలీ? చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నావేం? దగ్గొస్తోందా?"

"..."

"నిజమే. నేనూ అదే అనుకున్నా."

"ఏమనుకున్నావు?"

"నువ్వు ఇప్పుడన్నది. అక్షరాలా నిజం."

"ఓరెస్ట్ పెట్రిషిన్, చెయ్యి అడ్డం పెట్టుకుని నేనన్నదేమిటో తెలుసా? వెనక సీటు అంటుకుంది, మంటలు పైకి లేస్తున్నాయి, మనిద్దరం ఇవాళ పోతాం అన్నాను. నువ్వేమో అదే అనుకున్నానన్నావు."

"హాస్యానికి అన్నాను."

"హాస్యానికి."

"నాకు హాస్యం లేదా ఏమిటి? అదుగో, ఫోన్ వెలుగుతోంది. ఉత్సవం కమిటీ జొసెలిన్ అయ్యుంటుంది. స్పీకరు నొక్కుతున్నా. హలో, జొసెలిన్, చెప్పు."

"ఓరెస్ట్, నేనే. ఇంకా దారిలోనే ఉన్నారా? వేసవి ఉత్సవం పోస్టరు ప్రెస్సులో కూచుంది. కొత్తవాళ్ళకి ఇచ్చేది ఒకే ఒక్క చోటు, అదే ఖాళీగా ఉంది. పేరు చెప్తే పంపించేస్తాను."

"అవునవును. ఇక్కడ కాస్త మంచు పడుతోంది."

"మంచా? ఇక్కడ ఎండగానే ఉందే. సరే, ఎవరికిద్దాం? కమిటీలో అందరూ టొరంటో వాళ్ళే నయమంటున్నారు. వాళ్ళకి మేనేజరు ఉన్నాడు, మంచి వ్యాను ఉంది, ఫొటోలున్నాయి. ఆ రెడ్ లేక్ పిల్లలకి ఫొటో అడిగితే మసకగా ఒక కుక్క బొమ్మ పంపించారు. నువ్వు సరేనంటే టొరంటో వాళ్ళ పేరు వేసేస్తా."

"అవునవును."

"వేసేయనా అయితే?"

"తప్పకుండా. ఇంటికెళ్ళగానే."

"ఇంటికెళ్ళగానే ఏమిటి? ఇప్పుడే వేసేస్తా."

"ఆగు, జొసెలిన్. నేను, ఐలీని. ఏమీ వెయ్యకు. మేం మళ్ళీ చేస్తాం."

"సరేనన్నాడు కదమ్మా ఆయన?"

"ఆయన అన్నిటికీ సరే అంటాడు. నన్ను పెళ్ళి చేసుకోమన్నా సరేనన్నాడు. మళ్ళీ చేస్తానన్నాగా. ఉంటా."

ఐలీ డోరియన్‌లో పెట్రోలు బంకు పక్కకి కారు తిప్పి, మంచు తోసేసిన చోట ఆపింది.

"ఎందుకాపావు? పెట్రోలుందిగా?"

"ఇటు చూడు. నా మొహం చూడు."

"చూస్తూనే ఉన్నా."

"అదే. దారిపొడుగునా నా మొహమే చూస్తున్నావు. పోయిన నెలా అంతే, దాని ముందు నెలా అంతే. ముసలాడికి ఈ వయసులో నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అని మురిసిపోయాను. ప్రేమ కాదు. పెదాలు. నా పెదాలు చదువుతున్నావు. చెప్పు."

"ఎడమది పూర్తిగా పోయింది."

"ఏమిటి?"

"ఎడమ చెవి. కుడిదాన్లో కొంచెం ఉంది. ఎదురుగా కూచుని మాట్లాడితే సగం వినపడుతుంది, మిగతాది చూసి పోల్చుకుంటా. జొసెలిన్ ఫోన్‌లో ఏమందో ఒక్క ముక్క నాకు తెలీదు. ఏమంది?"

"టొరంటో వాళ్ళ పేరు వెయ్యమంటావా అంది. తప్పకుండా అన్నావు."

"అయ్యో."

"అయ్యోనే. ఎప్పట్నుంచి?"

"పేపరు మిల్లులో పనిచేసిన వాళ్ళందరికీ ఉన్నదే కదా. మా షిఫ్టులో చెవులు సరిగ్గా ఉన్నవాడెవడు? నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది."

"నేనడిగింది మిల్లు చరిత్ర కాదు. ఎప్పట్నుంచి?"

"పోయిన ఏడాది కాదు, ఆ ముందు చలికాలం. పొయ్యి మీద టీ కెటిల్ పెట్టి పక్కనే కూచున్నా. ఎంతసేపటికీ కూత రాదే అనుకుంటున్నా. నువ్వు పైనుంచి పరుగెత్తుకొచ్చావు, చెవుడా నీకు అని అరుస్తూ. నీళ్ళన్నీ ఆవిరైపోయి అడుగు మాడుతోంది. గుర్తుందా?"

"కెటిల్ పారేసింది గుర్తుంది. చెవుడా అని అడిగితే లేదన్నావు."

"నువ్వు అడిగినట్టు అడగలేదు. తిట్టినట్టు అడిగావు."

"డాక్టరు దగ్గరికెళ్ళావా?"

"వెళ్ళా. మిషను ఇచ్చారు. పెట్టుకుంటే నీ మాట కాస్త తెలుస్తుంది గానీ, సంగీతం మాత్రం... ఖాళీ డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఉంటుంది. అందుకని సాక్సుల సొరుగులో పెట్టేశా."

"చెవి మిషను సాక్సుల సొరుగులో. బ్రహ్మాండం. కాళ్ళతో విందామని కాబోలు. మరి గురువారం గురువారం రేడియోలో ఎలా చేస్తున్నావు ప్రోగ్రాం? మైకు ముందు కూచుని, ఈ గొంతులో మంచు కరిగే చప్పుడుంది అదీ ఇదీ అని చెప్తావు. మా షాపుకొచ్చే హెలెన్ ఒకటే పొగడ్త. ఏ గొంతు విని చెప్తున్నావు?"

"అక్కడ మీటరు ముల్లు ఉంటుంది కదా, శబ్దాన్ని బట్టి ఊగేది. పాట నడుస్తుంటే ముల్లు ఊగుతుంది. పడిపోతే పాటైపోయిందని. అప్పుడు నేను మాట్లాడతా."

"ముల్లు పనిచెయ్యకపోతే?"

"ఒకసారి అయింది. వైరు ఊడిపోయింది కాబోలు, ముల్లు మాత్రం ఎందుకో ఊగుతూనే ఉంది. చాలాసేపు గాల్లోకి ఏమీ పోలేదు. తర్వాత నేను మామూలుగానే చెప్పా, ఇది కొత్త తరహా ప్రయత్నం, మనసుతో వినాలి అని. ముగ్గురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఒకావిడ ఏడ్చానంది."

"దేవుడా."

"నువ్వు ఆవేళ వినలేదా?"

"నేనా? నీ ప్రోగ్రాం వేళకి షాపులో నాలుగు డ్రయ్యర్లు మోగుతుంటాయి. మాట తప్పించకు. ఇదేమన్నా ఆటా, ఓరెస్ట్? ఆ పిల్లలు పాటలు పంపిస్తారు నీకు. వాంకూవర్ నుంచి, హాలిఫాక్స్ నుంచి, ఎక్కడెక్కడి బేస్‌మెంట్ల నుంచో. ఓరెస్ట్ గారు ఒక్క మాట అంటే చాలు మా బతుకు మారిపోతుందని ఉత్తరాలు రాస్తారు. వాళ్ళని నువ్వు ముల్లు చూసి తేలుస్తున్నావా?"

"ముల్లు చూసి కాదు."

"మరి? కరపత్రం మీద బొమ్మ చూసా? పేరు బాగుంటేనా? బొమ్మా బొరుసూ వేస్తున్నావా?"

"కాదు."

"మరెలా? లాబ్రడార్ నుంచి వచ్చిన ఆ అక్కచెల్లెళ్ళని ఎలా కనిపెట్టావు? వాళ్ళు ఇప్పుడు యూరప్ అంతా తిరుగుతున్నారు. మూస్ జా నుంచి వచ్చిన రంపం వాయించే అబ్బాయి, వాడికి మొన్న పెద్ద బహుమతి వచ్చింది, స్టేజి మీద నీ పేరు చెప్పాడు. నువ్వు వినకుండా ఎలా తెలిసింది వాళ్ళు గొప్పవాళ్ళని?"

"నువ్వు తిట్టావు."

"ఏమిటి?"

"నువ్వు వాళ్ళని తిట్టావు. ఆ లాబ్రడార్ అక్కచెల్లెళ్ళు మారథాన్ ఊళ్ళో పాడినరోజు, పెద్దది చిన్నదాన్ని స్టేజి మీద మోచేత్తో పొడుస్తోందని అక్కడ మొదలెట్టి ఇల్లు చేరేదాకా తిట్టావు. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర మళ్ళీ అందుకున్నావు. రంపం అబ్బాయినైతే, వేళ్ళు తెగుతాయి వెధవకి, గ్లవ్స్ వేసుకోడు అని వారం రోజులు. నాకు వినపడదు కదా. నీ మొహం కనపడుతుంది. ఎవర్ని నువ్వు వదల్లేకపోతున్నావో, వాళ్ళ పేరు నేను రాసుకునేవాణ్ణి."

"నేను తిట్టిన వాళ్ళనా?"

"అవును. బాగానే ఉన్నారు అన్నావనుకో, వాళ్ళ పని అయిపోయినట్టే. ఈ రెండేళ్ళలో నువ్వు బాగానే ఉన్నారన్న వాళ్ళలో ఒక్కరి పేరు చెప్పు చూద్దాం."

"ఆ... అదే, గడ్డం... కెనోరాలో..."

"కెనోరాలో ఎవరు?"

"గుర్తు లేదు."

"నాకూ లేదు. ఎవరికీ లేదు. చూశావా? ఆ పేపర్లో రాసిన చెవి నాది కాదు, ఐలీ. అది నీదే. నేను ఊరికే మోసుకు తిరుగుతున్నా."

"నోర్ముయ్యి."

"నిజం చెప్తున్నా."

"నోర్ముయ్యమన్నానా. ఒకటి చెప్పు. ఇంట్లో నేను మాట్లాడుతుంటే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతావు. వంటింట్లోంచి పిలిస్తే పలకవు. భోజనం దగ్గర పేపరు అడ్డం పెట్టుకుంటావు. అది కూడా ఇందుకేనా?"

"పేపరు అడ్డం పెట్టుకుంటే నువ్వు ఏదన్నా అడగవని."

"అందుకా?"

"అడిగితే తప్పు చెప్తా. తప్పు చెప్తే తెలిసిపోతుంది."

"నేనేమనుకున్నానో తెలుసా? నా గొంతంటే విసుగొచ్చింది నీకు అనుకున్నా. ఇన్నేళ్ళు విన్నాడు, ఇక చాల్లే అనుకుంటున్నాడు అనుకున్నా. మా చెల్లెలు ఇర్మాకి ఫోన్ చేసి చెప్పాను కూడా. అది విడిగా ఉండమని సలహా ఇచ్చింది. దాని ఇంట్లో పై గది ఖాళీగానే ఉందంది."

"ఇర్మా అలా అందా?"

"అనదా? నువ్వు దాని మొగుడి అంత్యక్రియల్లో బాకా బ్యాండు గురించి మాట్లాడావు."

"బాకా బాగా వాయించాడు కాబట్టి..."

"ఆఁ. నేను రెండుసార్లు పెట్టె సర్దాను, ఓరెస్ట్. రెండుసార్లూ మళ్ళీ శనివారం నువ్వొచ్చి, రేపు ఫలానా చోట కచేరీ ఉంది, వస్తావా అని అడిగావు. మంచు రోడ్డు మీద నిన్ను ఒక్కణ్ణీ పంపడం ఎందుకులే అని కారు తాళాలు తీశాను."

"రోడ్డు గురించి కాదు నేను అడిగింది."

"మరి?"

"ఇంట్లో మన మధ్య గోడలుంటాయి. నువ్వు పొయ్యి వైపు తిరిగి మాట్లాడతావు, కిటికీ వైపు తిరిగి మాట్లాడతావు. నాకేమీ అందదు. కార్లో అయితే నువ్వెక్కడికీ పోవు. గంటా రెండు గంటలూ పక్కనే కూచుని ఆపకుండా తిడతావు. వెలుగుంటే దాదాపు అంతా తెలుస్తుంది నాకు. అందుకే మధ్యాహ్నం కచేరీలే చూసుకుంటున్నా. ఆ బ్యాండ్లు ఏం పాడాయో నాకు తెలీదు, ఐలీ. నేను వెళ్ళేది తిరుగు ప్రయాణం కోసం."

"ఆగు, కళ్ళు తుడుచుకుంటున్నా. ఆ వెనక సీట్లో పెర్షియన్ బన్నుల పెట్టె ఉంది, ఇటివ్వు. తీపి ఏదన్నా తినకపోతే నిన్ను కొట్టేట్టున్నా."

"ఇదుగో. పైన గులాబీ రంగు క్రీము కోటుకి అంటుకుంటుంది, చూసుకో."

"కోటు సంగతి నాకు చెప్పకు. రెండేళ్ళు. మూగనోము పట్టినట్టు రెండేళ్ళు. చెవులు పోయాయి అనడానికి ఎంత సేపు పడుతుంది మనిషికి?"

"చెప్తే ప్రోగ్రాం పోతుంది. ప్రోగ్రాం పోతే నేనేమిటి? చెవుల్లేని మిల్లు ముసలాడు. ఊళ్ళో అలాంటి వాళ్ళు నాలాగా వందమంది ఉన్నారు, మాల్‌లో బెంచీల మీద."

"మరి చెప్పకపోతే? ఆ పిల్లలకి అన్యాయం కాదా?"

"అన్యాయం ఎక్కడ జరిగింది? నీ తిట్లు ఒక్కసారి తప్పలేదు. ఇవాళ చూడు. టొరంటో వాళ్ళకి నాలుగు మాటలు. గొట్టాల గురించి నిపిగాన్‌లో మొదలెట్టి ఇక్కడిదాకా వచ్చావు. ఆ పిల్ల జుట్టు, ఆ డ్రమ్ములవాడి మడమలు, సాండ్‌విచ్‌లు. నాకింకేం సాక్ష్యం కావాలి? జొసెలిన్‌కి చెయ్యి. గడ్డకట్టిన గొట్టాలు అని చెప్పు."

"నేనా చెప్పేది?"

"నేను చేస్తే మళ్ళీ మంచు పడుతోందంటా."

"ఓరెస్ట్, ఆ చోటు చిన్నది కాదు. లేక్ ఒడ్డున అంతమంది జనం ముందు. అక్కడికి రేడియోల వాళ్ళొస్తారు, కంపెనీల వాళ్ళొస్తారు. వాళ్ళు పనికిరారనుకో, ఆ పిల్లల పరువే పోతుంది. పనికొచ్చీ మనం ఇవ్వలేదనుకో, అది ఇంకా పాపం. నేను వాళ్ళ జుట్టు గురించి వాగానని వాళ్ళకి చోటిచ్చేస్తావా?"

"నువ్వు జుట్టు గురించి వాగవు. పాట నీ లోపల ఎక్కడో తగుల్తుంది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక జుట్టు మీద పడతావు. నిన్ను ఇన్నేళ్ళుగా చూస్తున్నా. నా మీద కూడా అంతేగా? నన్ను మెచ్చుకున్నావా ఎప్పుడన్నా? తిడుతూనే ఉన్నావు. నేనుండిపోయాను."

"అబ్బో."

"కాదా?"

"నీ అంత తెలివితక్కువ వాణ్ణి నేను చూళ్ళేదు."

"చూశావా? మళ్ళీ."

"పెర్షియన్ తిను. నోరు నిండితే కాస్త ఊరుకుంటావు. అదుగో, మళ్ళీ అదే జొసెలిన్. నువ్వు ముట్టుకోకు. హలో."

"ఐలీ, ఏమైంది? ప్రెస్సువాడు కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆదివారం పూట వాణ్ణి రప్పించడమే గొప్ప."

"వాణ్ణి కోటు విప్పి కూచోమను. ఇంకో గంట."

"గంటా? మీ ఆయన హాల్లో విననే విన్నాడు కదా. ఒక్క పేరు చెప్పడానికి గంటెందుకు?"

"ఆయనకి ఇంకోసారి వినాలనుందట."

"పెద్ద చెవి ఉన్నవాళ్ళతో ఇదే గొడవ. సరే, గంటే. ఆ తర్వాత టొరంటో వాళ్ళ పేరు వేసేస్తా, చెప్తున్నా."

"వెయ్యి. కానీ గంట తర్వాత."

ఐలీ ఫోను పెట్టేసి కారు వెనక్కి తీసింది. రోడ్డెక్కాక ఇంటి వైపు కాకుండా వచ్చిన వైపుకే తిప్పింది.

"ఇదేమిటి? ఎటు పోతున్నాం? ఐలీ, థండర్ బే అటు."

"థండర్ బే ఎక్కడికీ పోదు. నిపిగాన్‌కి పోతున్నాం."

"ఎందుకు? ఏదన్నా మర్చిపోయావా?"

"ఆ పిల్లలు ఇంకా అక్కడే ఉంటారు. పెరోగీలు తినాలి, డ్రమ్ములు సర్దాలి, ఆ వ్యాను తాడు ఊడదీసి మళ్ళీ కట్టుకోవాలి. హాలు మూసేలోపు వెళ్తే ఒక పాట పాడించొచ్చు. నువ్వు స్టేజి మీదెక్కి ఆ స్పీకరు మీద అరచెయ్యి ఆనించి నిలబడు, నీకెంత తెలిస్తే అంత. నేను ముందు వరసలో కూచుంటా."

"సామాన్లన్నీ విప్పి మళ్ళీ పాడమంటే తిట్టుకుంటారు."

"తిట్టుకోనీ. మనకి అలవాటే."

"నాకర్థం కావడం లేదు. నాకు వినపడలేదు, సరే. నువ్వు మొత్తం విన్నావుగా. మళ్ళీ ఎందుకు?"

"..."

"ఐలీ? ఇటు తిరుగు. రోడ్డు వైపు చూసి చెప్తే నాకు తెలీదు."

"రోడ్డు మీద ఎవరూ లేరులే, తిరుగుతున్నా. నా పెదాలు చూడు, మళ్ళీ చెప్పను."

"చూస్తున్నా."

"ఆ డ్రమ్ముల మోతకి నాకు తలనొప్పి వస్తుంది, ఓరెస్ట్. నీతో వచ్చిన మొదటి కచేరీ నుంచి ఇవాళ్టిదాకా, టోపీ కింద రెండు చెవుల్లోనూ మైనపు బిళ్ళలు కూరుకునే కూచుంటున్నా. ఒక్క పాట కూడా వినలేదు."